పెద్దాయన జరగరట

మా మామయ్యగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. పిల్లులను 'మీరు' అంటారు. అక్కడితో ఆగితే నేను ఇంత చెప్పాల్సిన పని లేదు. ఆయన పిల్లిని ఏదో ఒకటి అడుగుతారు, అడిగి జవాబు కోసం ఆగుతారు. అదీ అసలు గొడవ.

ఆగడమంటే మీరూ నేనూ ఆగినట్టు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి, కనుబొమలు పైకెత్తి, పిల్లి మొహంలోకి చూస్తూ నిలబడిపోతారు. పొయ్యి మీద పాలు పొంగనీ, బయట బండి హారను మోగనీ, లోపల నేను గొంతు చించుకోనీ, పిల్లిగారి అభిప్రాయం తెలిసేదాకా ఆయన అంగుళం కదలరు. తెలిశాక తీరిగ్గా వచ్చి మాకు చెబుతారు. ఆ చెప్పే మాట కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే.

"జరగరటమ్మా."

ఇందులో పెద్ద వింత ఏమిటంటే, మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు కండక్టరు. 'జరగండి, లోపలికి జరగండి, వెనకంతా ఖాళీ' అని ఆయన ఒక్క కేక వేస్తే, ఊపిరాడని బస్సులో ఇంకో పదిమందికి చోటు పుట్టుకొచ్చేదట. గోనెసంచులను జరిపారు, ట్రంకుపెట్టెలను జరిపారు, కొత్తగా పెళ్లయిన జంటల మధ్యలో మూడో మనిషికి చోటు చేశారు. అంతటి మనిషి రిటైరై ఇంటికి వచ్చాక ఒక్క పిల్లిని సోఫా మీద నుంచి జరపలేక నేల మీద కూర్చుంటున్నారు. అదేమంటే, "బస్సులో వాళ్లు టిక్కెట్టు కొనుక్కున్నవాళ్లమ్మా, చెప్తే వింటారు. వీళ్లు ఇంటివాళ్లు" అంటారు.

మా ఇంట్లో పిల్లులు రెండు. ఒకటి పసుపురంగు గండుపిల్లి. చెవి చిరిగింది, పొట్ట నేలకు ఆనుతుంది, మొహం చూస్తే అల్లుడింట్లో మర్యాద తక్కువైన మామగారు గుర్తొస్తారు. ఇది పెద్దాయన. రెండోది సన్నగా బూడిదరంగులో ఉండే ఆడపిల్లి. నడిస్తే చప్పుడుండదు, పిలిస్తే రాదు, వచ్చినా మన కోసం వచ్చినట్టుండదు. ఇది మేడమ్. ఈ పేర్లు మామయ్య పెట్టినవే. "నేను పెట్టడమేంటమ్మా, చూడగానే తెలియట్లా?" అంటారు.

పోనీ మనుషులతో కూడా ఇంత మర్యాదగా ఉంటారా అంటే, అదేం లేదు. కొడుకుని 'ఒరేయ్' అంటారు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన్ని 'ఏమయ్యా' అంటారు. "ఒరేయ్, ఆ కాళ్లు తియ్యరా, మేడమ్ గారు అటు వెళ్లాలట" అని ఒక్క వాక్యంలోనే కొడుకుని కిందికి తోసి పిల్లిని అందలం ఎక్కిస్తారు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పగలంతా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగి, అలసిపోయి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పెద్దాయన అడ్డంగా పడుకుని ఉంటారు. మా ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని బయటే నిలబడతారు.

"నాన్నా, దాన్ని తియ్యి."

"దాన్నేంట్రా, దాన్ని! అడిగాను. ఆలోచిస్తున్నారు."

"ఎంతసేపు?"

"అదీ అడిగాను. దానికీ ఆలోచిస్తున్నారు."

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు, నాకు మాత్రం ఏడుపొస్తుంది. నేను మా ఆయన్ని అందరిలాగే 'ఏమండీ' అని పిలుస్తాను. ఈ ఇంట్లో ఆ 'అండీ' చెవిన పడగానే రెండు పిల్లులూ తలెత్తి చూస్తాయి. మా ఆయన మాత్రం చూడరు. "నన్నా? పిల్లినేమో అనుకున్నా" అంటారు. మొగుణ్ణి పిలవడానికి నాకంటూ ఒక పిలుపు లేకుండా పోయింది.

నేను ఇంట్లోనే కర్టెన్లు కుడతాను. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని ముందు నేల మీద చాప, చాప మీద పరిచిన బట్ట. బట్ట సాపు చేసి, చాక్‌పీసుతో గీత గీసి, కత్తెర కోసం పక్కకి తిరిగి చూసేలోపు ఆ గీత మీద పెద్దాయన పడుకుని ఉంటారు. చూశారా, నాకూ 'ఉంటారు' అనడం అంటుకుంది! తోలేద్దామని చెయ్యెత్తానో లేదో మామయ్య ఎక్కణ్ణుంచో ఊడిపడతారు.

"ఆగమ్మా, ఆగు. నేనడుగుతాను." చేతులు వెనక్కి వెళతాయి, తల పక్కకి వంగుతుంది. "అయ్యా, అమ్మాయి బట్ట కత్తిరించుకోవాలట. కాస్త జరుగుతారా?"

ఆగుతారు. పెద్దాయన కళ్లు మూసుకుంటారు.

"జరగరటమ్మా. కావాలంటే నిన్ను చుట్టూ కత్తిరించుకోమంటున్నారు."

ఒకసారి విసుగుపుట్టి నిజంగానే చుట్టూ కత్తిరించాను. ఆ కర్టెను అడుగున పిల్లి వెన్నంత వంపు ఒకటి వచ్చింది. ఇప్పుడు అదే ఫ్యాషనని చెప్పి అంటగట్టాను. కుట్టించుకున్నవాళ్లు అలాంటిదే ఇంకోటి కావాలని మళ్లీ వచ్చారు, అది వేరే సంగతి.

ఈ మర్యాదల వల్ల ఇంటి పరువు పోయిన రోజులూ ఉన్నాయి. ఒకనాడు పొద్దున్నే మామయ్య గోడ దగ్గర నిలబడి లోపలికి కేకేశారు. "అమ్మా, పెద్దాయన రాత్రి ఇంటికి రాలేదు. చివరింటి వాళ్ల మేడ మీద ఎవరితోనో ఉన్నారట. మేడమ్ గారు పొద్దుట్నుంచీ పాలు ముట్టలేదు." గోడకి అవతల పక్కింటావిడ బట్టలు ఆరేసుకుంటోంది. ఆవిడ మా పక్కింట్లోకి వచ్చి అప్పటికి వారమైనా కాలేదు. మధ్యాహ్నం వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీకెంత కష్టం వచ్చిందమ్మా! ఈ వయసులో ఆ పెద్దాయనకి బుద్ధి ఉండక్కర్లా? పాపం, ఆ మేడమ్ ఎవరో తెలీదు కానీ, ఆవిడకైనా ఇంత తిండి పెట్టు."

అప్పటికి ఇల్లు చేరి గుమ్మంలో పడుకున్న పెద్దాయన్ని నేను చూపించాను. ఆవిడ పిల్లిని చూసింది, నన్ను చూసింది, గోడ పక్కన మేడమ్ గారిని బతిమాలుతున్న మామయ్యని చూసింది. ముక్కున వేలేసుకుని వెళ్లిపోయింది.

మా వీధి మలుపులో చిన్నపిల్లల బడి ఒకటి ఉంది. దాన్ని నడిపే పెద్దటీచరు బడి కిటికీలకు కర్టెన్లు కుట్టమని నాకిచ్చారు. అవి ఆలస్యమయ్యాయి. ఎందుకని ఆవిడ ఫోన్ చేస్తే, నా చేతులు ఖాళీ లేక మామయ్య తీశారు. "అయిపోతాయండీ. పెద్దాయన బట్ట మీద పడుకున్నారు. లేవలేకపోతున్నారు. లేచాక అమ్మాయి కుడుతుంది" అని పెట్టేశారు. సాయంత్రానికి ఆవిడ సంచీ నిండా బత్తాయిపళ్లతో దిగారు. "పనికేం తొందరమ్మా, ముందు పెద్దాయన్ని చూసుకో. ఏ గదిలో ఉన్నారు?" అని మంచి మనసుతో అడిగారు. ఆవిడకి నిజం చెప్పడానికి నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. మామయ్య మాత్రం ఒక బత్తాయి ఒలిచి పెద్దాయన ముక్కు దగ్గర పెట్టి, ఆగి, "పుల్లగా ఉంటాయి, వద్దంటున్నారండీ. ఏమనుకోకండి" అన్నారు.

ఇవన్నీ నేను నవ్వుతూ పడి ఉండేదాన్నే, మా బంతిగాడికి మాటలు వచ్చి ఉంటే.

బంతి మా అబ్బాయి. పుట్టినప్పుడు గుండ్రంగా ఉన్నాడని అలా పిలవడం మొదలుపెట్టాం, అదే ఉండిపోయింది. రెండున్నరేళ్లు నిండాయి. మాట లేదు. మిగతా విద్యలన్నీ వచ్చు. కుర్చీ లాక్కొచ్చి బీరువా ఎక్కుతాడు. నా దారపు ఉండలన్నీ కుర్చీ కాళ్లకి చుట్టేస్తాడు. నా ఫోను బియ్యం డబ్బాలో పూడ్చిపెడతాడు. మేడమ్ తోక పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు, మేడమ్ మామయ్య వైపు ఒక చూపు చూస్తుంది, మామయ్య వచ్చి మేడమ్‌కి క్షమాపణ చెబుతారు. వాడికి ఏం కావాలన్నా వేలు చూపించి 'ఊఁ' అంటాడు. వద్దన్నా 'ఊఁ' యే. డాక్టరమ్మకి చూపించాం. చెవులు బాగున్నాయి, పిల్లాడు చురుగ్గా ఉన్నాడు, కొందరికి ఆలస్యమవుతుంది, కంగారు పడకుండా వాడితో మాట్లాడుతూ ఉండండి అంది. కంగారు పడకుండా ఉండటం ఎలాగో మాత్రం చెప్పలేదు.

నాకు వాడి నోట అమ్మా అని వినాలని ఎంత ఉండేదో నేను చెప్పలేను. బిస్కెట్టు చూపించి "అమ్మ అను, ఇస్తా" అనేదాన్ని. వాడు బిస్కెట్టు వైపు చూసి, నా వైపు చూసి, బిస్కెట్టు వదిలేసి వెళ్లిపోయేవాడు. ఇక ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ వాడి చేత మాట్లాడించాలనే. కూర్చోకముందే మొదలు. అమ్మ అను, నాన్న అను, అత్త అను, టాటా చెప్పు, నీ పేరేంటి, చెప్పకపోతే నిన్ను తీసుకెళ్లిపోతాం. ఒక ప్రశ్న వాడి చెవికి చేరకముందే ఇంకో ప్రశ్న. చివరికి నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఇంకా రాలేదా?" అనేవారు. ఆ 'ఇంకా' వింటే నాకు ఆ పూటంతా అన్నం దిగేది కాదు.

ఇంత దిగుల్లో నేనుంటే, మామయ్య సరిగ్గా అప్పుడే పిల్లితో ప్రవేశించేవారు. సరిగ్గా అప్పుడే! మిగతా వేళల్లో ఎక్కడుంటారో తెలీదు.

మా అక్క వచ్చింది. అక్క కూతురికీ బంతికీ ఈడు ఒకటే. అది గలగలా మాట్లాడుతుంది. అక్క బంతిని ఒళ్లో బిగించి కూర్చోబెట్టుకుని, "ఏదీ, పెద్దమ్మ అను. పె... ద్ద... చూడు, చెల్లి ఎంత బాగా చెబుతోందో" అని అందుకుంది. మామయ్య మేడమ్‌ని ఎత్తుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"మేడమ్ గారూ, వీరు మా కోడలి అక్కగారు. మీ కుర్చీలో కూర్చున్నారు. మీరేమైనా అనుకుంటున్నారా?"

ఆగారు. అక్క నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"అనుకుంటున్నారటమ్మా" అన్నారు మామయ్య, ఎంతో నొచ్చుకుంటూ.

అక్క లేచి నిలబడింది. బంతి జారి కిందికి దిగి పరుగెత్తాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అక్క నా చెవిలో, "మీ మామగారికి ఎప్పట్నుంచే ఇలా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఆయన పైఆఫీసరు ఏదో పని మీద వచ్చారు. టీ ఇస్తే గుక్కయినా తాగకుండానే బంతిని చూసి, "ఏరా, నీ పేరేంటి?" అన్నారు. పెద్దగొంతు. మామయ్య పెద్దాయన్ని తెచ్చి ఆయన కాళ్ల దగ్గర దించారు. "అయ్యా, వీరు లిఫ్టుల ఆఫీసరు గారు. మీరు పైకి వెళ్తారా, కిందికి వెళ్తారా?" అని అడిగి, ఆగారు. ఎంత విచిత్రమంటే, ఆ ఆఫీసరు కూడా ఆగారు. ఇద్దరు పెద్దమనుషులు పిల్లి మొహంలోకి చూస్తూ అలాగే ఉన్నారు. చివరికి ఆఫీసరే ఉండబట్టలేక, "ఏమన్నారు?" అని అడిగారు.

"ఇక్కడే ఉంటారట."

మర్నాడు ఆఫీసులో అందరూ మా ఆయన భుజం తట్టి, ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు ఓపిక పట్టాలని చెప్పారట. పిల్లాడికి మాటలు రాలేదని ఒక బాధ, ముసలాయనకి ఎక్కువయ్యాయని ఇంకో బాధ. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు అంటారే, మా ఇంట్లో అలా తిరిగేది నేనొక్కదాన్నే. పిల్లులు హాయిగా పడుకునేవి.

ఇలా ఉండగా బళ్లో పిల్లల్ని చేర్చుకునే రోజులు వచ్చాయి. మా వీధిలో బంతి ఈడు వాళ్లందరూ వెళుతున్నారు. పొద్దున వాళ్లు నీళ్ల సీసాలు మెళ్లో వేసుకుని పోతుంటే, బంతి గేటు కమ్మీల్లో మొహం పెట్టి చివరి పిల్ల మలుపు తిరిగేదాకా చూసేవాడు. పెద్దటీచరుని అడిగాను.

"నాకూ చేర్చుకోవాలనే ఉందమ్మా" అన్నారావిడ. "కానీ దాహమైతే దాహమని చెప్పాలిగా. ఎవరైనా కొడితే చెప్పాలిగా. ఏదో ఒక్క మాట చాలు. గురువారం కర్టెన్లకి వస్తాను, అప్పుడు వాణ్ణి చూస్తాను. మాట రాకపోతే వచ్చే ఏడాది చేర్చుకుందాంలే."

వచ్చే ఏడాది! ఇంకో ఏడాది పాటు వాడు ఆ గేటు దగ్గర నిలబడటం నేను చూడలేను. ఆ రోజే మామయ్య దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"మామయ్యా, మీకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. గురువారం ఒక్క గంట పిల్లులు వెనకగదిలో ఉండాలి. టీచరుగారు వెళ్లేదాకా మీరు వాటితో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు."

"వాళ్లతో."

"వాటితో!"

ఆయన నా మొహం చూసి కాస్త బెదిరారు. "సరేనమ్మా. ఎందుకైనా మంచిది, ఒక మాట వాళ్లనీ అడిగి..."

"అడగక్కర్లేదు!"

"అడగను" అన్నారు. అని, గురువారం ఆయనే పిల్లుల్ని వెనకగదిలో పెట్టి తలుపు వేశారు. ఏమీ అడగలేదు. గోడ వారన స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

టీచరుగారు వచ్చారు. వాడి చేత నేను చెప్పిస్తానంటూ అక్క వచ్చింది. సంగతి తెలిసి పక్కింటావిడ కూడా వచ్చింది. బంతికి తలదువ్వి, కొత్త చొక్కా వేసి, చాప మీద నిలబెట్టాను.

"నీ పేరేంటి నాన్నా?" అన్నారు టీచరుగారు మెల్లగానే.

"బంతి అను. బం... బం..." అంది అక్క.

"అమ్మ ఏదీ? అమ్మని చూపించు" అంది పక్కింటావిడ.

"చూపించడం కాదండీ, చెప్పాలి. బంతీ, నా నోరు చూడు. నోరు చూడరా!"

"నీళ్లు కావాలా? నీళ్లు అను. పోనీ పాలు అను."

"నిన్న ఏదో అన్నాడండీ. అన్నావుగా? మళ్లీ అను" అన్నాను నేను. వాడేమీ అనలేదు, నేనే అబద్ధం చెప్పాను.

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మేము ఒక అడుగు ముందుకు వంగాం. వాడి వీపు మిషను కాలికి తగిలింది. ఇక వెనక్కి చోటు లేదు. అక్క మొహం నుంచి టీచరు మొహానికి, అక్కణ్ణుంచి నా మొహానికి వాడి కళ్లు తిరుగుతున్నాయి. తర్వాత గోడ వైపు, తాతయ్య కోసం చూశాయి. మామయ్య స్టూలు మీద నుంచి సగం లేచారు. నా వైపు చూశారు. మాటిచ్చారు కదా, మళ్లీ కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టేసుకున్నారు.

అప్పటిదాకా నేను ఎప్పుడూ చూడలేదు, మామయ్య అడ్డం పడకపోతే మా ముందుగది ఎలా ఉంటుందో. నలుగురు పెద్దవాళ్లు, మధ్యలో మోకాలెత్తు పిల్లాడు. కింది పెదవి వణుకుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మీద కాదు, ఎవరి మీదా కాదు, ఆ గది మీద. గబగబా వెళ్లి వెనకగది తలుపు బార్లా తీశాను.

"మామయ్యా! పెద్దాయన గారిని కాస్త ఇటు రమ్మని అడుగుతారా?"

అన్నాను. నా నోటితోనే, 'గారు' తగిలించి మరీ అన్నాను. అక్క నన్ను చూసిన చూపు చూడాలి మీరు.

మామయ్య అడగాల్సిన పని లేకపోయింది. పెద్దాయన తనంతట తనే వచ్చారు. గదిలో పెట్టి తలుపేసినందుకు మమ్మల్ని ఎవ్వరినీ పలకరించకుండా, చాప మీద మడతపెట్టి ఉంచిన బడి కర్టెన్ల మీదికి ఎక్కి, రెండుసార్లు గుండ్రంగా తిరిగి పడుకున్నారు. మామయ్య లేచి వచ్చారు. చేతులు వెనక్కి వెళ్లాయి, తల పక్కకి వంగింది.

"అయ్యా, అవి టీచరుగారి కర్టెన్లు. ఆవిడ పట్టుకెళ్లాలట. కాస్త జరుగుతారా?"

ఆగారు.

అందరూ బంతిని వదిలేసి ఆయన వైపు తిరిగారు. పక్కింటావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరుగారు చేతిసంచీ ఒళ్లోకి లాక్కున్నారు. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. మామయ్య ఇంకా ఆగే ఉన్నారు.

"జలగలట."

ఎవరన్నారో నాకు ముందు అర్థం కాలేదు. గొంతు కింది నుంచి వచ్చింది. బంతి మిషను దగ్గర నుంచి ఇవతలికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దాయన మొహంలోకి వంగి చూస్తున్నాడు.

మామయ్య తల తిప్పలేదు. ఆశ్చర్యపోలేదు. రోజూ జరిగే విషయమే అన్నట్టు, "జరగరటా? మరి ఎప్పుడు జరుగుతారట?" అని మళ్లీ ఆగారు.

బంతి ఇంకాస్త వంగి కనుక్కున్నాడు. "తెలీదట."

"అమ్మ అ..." అని అక్క ముందుకు దూకింది. నేను దాని నోరు మూశాను. మూసి, అలాగే చాప మీద కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు, మూసిన చెయ్యి కింద అక్క కూడా అదే పని చేస్తోంది.

టీచరుగారిని గేటు దాకా సాగనంపాను. ఆవిడ చేతిలో ఒకే ఒక్క కర్టెను ఉంది, మిగతావి పెద్దాయన కింద ఉన్నాయి. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"బాబుని సోమవారం నుంచి పంపించెయ్. వాడికేంటి, బంగారంలా ఉన్నాడు. కానీ అమ్మా, ఏమీ అనుకోకు, మీ మామగారినే ఒకసారి ఎవరికైనా చూపించండి."

నవ్వబోయి ఆగిపోయాను. ఇదే మాట అక్క అంది. ఆఫీసులో అందరూ ఇదే అన్నారు. పక్కింటావిడ ముక్కున వేలేసుకున్నదీ ఇందుకే. పిల్లాడికి మాటలు వచ్చాయో లేదో చూసిపోదామని వచ్చినవాళ్లు ఎంతమందో. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా పిల్లాడి గురించి మాట్లాడుకుంటూ వెళ్లలేదు. అందరూ ముసలాయన గురించే మాట్లాడుకుంటూ వెళ్లారు.

సాయంత్రం అందరూ వెళ్లాక మామయ్య ఎప్పటిలాగే సోఫా పక్కన నేల మీద కూర్చున్నారు. ఒళ్లో బంతి. సోఫా మీద పెద్దాయన, మేడమ్. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మామయ్యా, మీరు కావాలనే చేశారు కదూ?"

"ఏంటమ్మా?"

"వచ్చినవాళ్లు వీణ్ణి చుట్టుముట్టినప్పుడల్లా పిల్లిని పట్టుకొచ్చింది."

ఆయన కాసేపు బంతి చొక్కా బొత్తాం సరిచేశారు. "నాకేం తెలుసమ్మా మాటలెలా వస్తాయో. డాక్టర్ని కాదు కదా. వాణ్ణి నిలబెట్టి అందరూ అడుగుతుంటే చూడలేకపోయాను, అంతే. బస్సులో కూడా అప్పుడప్పుడు ఏ ఆడపిల్లో టిక్కెట్టు పారేసుకుని ఏడుపు మొహం పెట్టేది. బస్సంతా ఆ పిల్లనే చూసేది. నేను నా చిల్లర సంచీ కింద పడేసేవాణ్ణి. చిల్లరంతా దొర్లుతుంటే అందరూ అటు వంగేవాళ్లు, నన్ను చేతకానివాణ్ణని నాలుగు తిట్టేవాళ్లు. ఆలోపు ఆ పిల్లకి టిక్కెట్టు దొరికేది. నన్నంటే నాకేం పోతుందమ్మా?"

మా మామయ్య మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందో ఆయనకి చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని మాట మార్చాను.

"అయితే పిల్లులు జవాబు చెబుతాయని మీరు నిజంగా నమ్మరన్నమాట!"

మామయ్య ఉలిక్కిపడ్డారు. సోఫా వైపు ఒక చూపు చూసి, నా వైపు వంగి, "నెమ్మదిగా అమ్మా! వింటున్నారు. బాధపడతారు" అన్నారు. ఆయన మొహంలో తమాషా ఏ కోశానా లేదు.

బంతి ఆయన ఒళ్లోంచి లేచి, సోఫా పట్టుకుని, పెద్దాయన మొహంలోకి తేరిపార చూశాడు. "బాదపడ్డాలట" అన్నాడు.

ఒకరితోనే వేగలేక చస్తుంటే ఇప్పుడు ఇద్దరయ్యారు. తాతా మనవడూ నా వైపే చూస్తున్నారు. ఇంక చేసేదేముంది? నేను మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, "పెద్దాయన గారూ, తప్పైపోయింది. క్షమిస్తారా?" అన్నాను. అని, ఆగాను. జీవితంలో మొదటిసారి సరిగ్గా ఆగాను. పెద్దాయన ఒక కన్ను తెరిచి, మూసుకున్నారు.

బంతి నా వైపు తిరిగాడు.

"పల్లేదటమ్మా."

మామయ్య నాతో రోజూ అనే మాట తీరే అది, ఆ చివర వచ్చే పిలుపుతో సహా. తాతయ్య మాటని వాడు ఉన్నదున్నట్టు దింపేశాడో, నన్నే పిలిచాడో నాకు తెలియదు. ఇంకోసారి అను అని మాత్రం నేను అడగలేదు.